వేసులో అక్క, పాల్‌లో నేను

ఇల్లు మారదామనే మాట మొదట తెచ్చింది మా బావ. ఆ ఏడు వానాకాలంలో సూరత్ పర్వత్ పాటియాలో ఖాడీ కాలువ పొంగి మా కింది గదుల్లోకి నీళ్ళొచ్చాయి. మోకాలి లోతున నల్లటి నీళ్ళు. చీరల మూటలు పైకి మోస్తూ, మెట్ల మధ్యలో ఆగి, ఆయన గోడకు చెయ్యి ఆనించుకుని అన్నాడు.

"ఇగ చాలు. గీ ఖాడీ పక్కన బాపు బతికిండు, మేం బతికినం. పిల్లలకు గీ బతుకొద్దు."

బావ అంటే మా ఆయన అన్న. వాళ్ళ నాన్న కరీంనగర్ వైపు నుంచి సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేయడానికి సూరత్ వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ చదువు మధ్యలోనే ఆపేసి సాంచల దగ్గరే పెరిగారు. తర్వాత ఎంబ్రాయిడరీ మిషన్లు పెట్టారు, రింగ్ రోడ్ మార్కెట్లో దుకాణం తీసుకున్నారు, ఈమధ్య అడాజన్‌లో చీరల షోరూం తెరిచారు. పని పెరిగింది గానీ ఇల్లు అలాగే ఉండిపోయింది. సన్నటి సందులో కింద రెండు గదులు, పైన రెండు గదులు, అందరికీ కలిపి ఒకే వంటిల్లు.

ఆ వంటింట్లో ఇద్దరం ఆడవాళ్ళం. బావ భార్య, నేను. మా వైపు తోడికోడలిని యారాలు అంటారు. నేను మాత్రం పెళ్ళై వచ్చిన రోజు నుంచి ఆమెను అక్కా అనే పిలిచాను. ఆమె నన్ను చెల్లె అనేది, కోపమొస్తే పిల్లా అనేది. వంటిల్లెంత ఇరుకంటే, ఒకరం పొయ్యి దగ్గర ఉంటే ఇంకొకరం సింకు దగ్గరికి పక్కకు తిరిగి జరగాలి. ఏళ్ళు గడిచేకొద్దీ అలా జరగడం మాకు తెలియకుండానే జరిగిపోయేది. ఆమె ఎడమ చెయ్యి చాపితే నేను పసుపు డబ్బా అందించేదాన్ని. నేను మూత వెతుకుతుంటే ఆమె వెనక నుంచే నా చేతికిచ్చేది.

మధ్యాహ్నం పని అయ్యాక ఇద్దరం చీరలు ఒళ్ళో వేసుకుని కూర్చునేవాళ్ళం. ఆ రోజుల్లో రాళ్ళు అతికించే పని, దారాలు కత్తిరించే పని ఇళ్ళలో ఆడవాళ్ళే చేసేవాళ్ళు. జిగురు వేళ్ళకంటుకుని ఎండిపోయేది. దాన్ని గోటితో గీకి తీసుకుంటూ ఒకళ్ళ పుట్టింటి సంగతులు ఒకళ్ళకు చెప్పుకునేవాళ్ళం. అక్క పుట్టిల్లు జగిత్యాల దగ్గర. వాళ్ళ తమ్ముళ్ళ పెళ్ళిళ్ళలో ఎవరు అలిగారో, ఎవరు ఎవరిని బతిమాలారో నాకు ఇప్పటికీ వరసగా గుర్తుంది, నేనొక్క పెళ్ళికీ వెళ్ళకపోయినా. పని పెరిగి మనుషుల్ని పెట్టుకున్నాక మాకు చీరలు ముట్టుకోవలసిన అవసరం లేకపోయింది. అయినా ఆ వేళకు ఇద్దరం అక్కడే కూర్చునేవాళ్ళం, చేతుల్లో ఏమీ లేకుండా.

అన్నదమ్ములు ఇల్లు వెతకడం మొదలుపెట్టాక వాళ్ళ మాటల్లో ఊళ్ళోని రెండు పేటల పేర్లు వచ్చాయి. వేసు, పాల్. బావ మార్కెట్ స్నేహితులందరూ వేసులో ఫ్లాట్లు తీసుకున్నారు. రింగ్ రోడ్డుకి నేరుగా పోవచ్చు. మా ఆయన చూసుకునే షోరూం అడాజన్‌లో. తాపీ నది దాటి అటు, దాని పక్కనే పాల్. ఎవరికి వాళ్ళకు దగ్గరగా ఉన్న చోటు వాళ్ళు అడిగారు. దానికి కొట్లాట కూడా కాలేదు. మగవాళ్ళిద్దరూ ఒకటే అనుకున్నట్టున్నారు: ఇన్నేళ్ళు ఒక వంటింట్లో సర్దుకున్న ఆడవాళ్ళు ఇక విడివిడిగా ఉండడానికే ఇష్టపడతారని. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ముందు వేసు చూశాం. నలుగురం ఒకే కారులో వెళ్ళాం. రోడ్డు ఎంత వెడల్పుగా ఉందంటే, అవతలి పక్క దుకాణాల బోర్డులు చదవడానికి కళ్ళు చిట్లించాల్సి వచ్చింది. రెండు పక్కలా ఆకాశానికి ఎత్తిన బిల్డింగులు, కింద గాజు తలుపుల కాఫీ దుకాణాలు, బొమ్మల షాపులో పెట్టినట్టు వరసగా నగల షోరూంలు. మేం చూసిన సొసైటీలో లోపలికి అడుగుపెట్టగానే పెద్ద హాలు, సోఫాలు, ఒక మూల నీళ్ళు జారే గోడ. అక్క చెప్పులు విప్పబోయింది. నేను మోచేత్తో పొడిచాను.

"ఇడవకు అక్కా, ఇది గుడి కాదు."

"గుడి లెక్కనే ఉన్నదేందే మరి!" అంటూ నవ్వింది.

ఫ్లాటు తొమ్మిదో అంతస్తులో. అక్క గదులు చూడకుండా నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. ప్రతి కుళాయి తిప్పి చూసింది. గిన్నెలు తోముకోవడానికి వెనక వేరే చోటు ఉంది, దానికి కిటికీ ఉంది. ఆ వంటింటి మధ్యలో నిలబడి రెండు చేతులూ బారుగా చాపింది. ఎటూ గోడ తగల్లేదు. అలాగే ఒకసారి చుట్టూ తిరిగింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆమె ముఖంలో అలాంటి వెలుగు అంతకుముందు తనకు కూతురు పుట్టినప్పుడే చూశాను.

ఫ్లాటు చూపించిన దలాలు మర్యాదస్తుడు. వెళ్ళేటప్పుడు లిఫ్టు దగ్గర గొంతు తగ్గించి, ఇంట్లో మాంసం వండరు కదా అని అడిగాడు.

"బేన్, నాన్‌వెజ్ తో నహీ బనాతే న? సొసైటీవాలే జరా పూఛ్‌తే హై."

మా ఇంట్లో ఆదివారం మటన్ లేకపోతే బావకు వారం మొదలైనట్టుండదు. ఆయన మా ఆయన ముఖం చూశాడు. అక్క మాత్రం ఏమీ తడుముకోలేదు.

"ఘర్ మే నహీ బనాయేంగే, భాయ్" అని, ఇంట్లో వండమని మాటిచ్చేసింది. లిఫ్టు దిగుతుంటే బావతో అంది, "ఆదివారం చెల్లెలింట్ల తింటం తియ్."

అప్పటికి మా ఇల్లు ఎక్కడన్నది తేలనే లేదు. చెల్లెలింట్ల అన్న మాటను నేను అప్పుడు నవ్వుతూ దాటేశాను.

పాల్‌కి తర్వాతి వారం వెళ్ళాం. వంతెన ఎక్కగానే అద్దం దించమంది మా అమ్మాయి. నది మీది గాలి కారులో నిండిపోయింది. పాల్ కూడా డబ్బున్నవాళ్ళ చోటే, కానీ అక్కడి డబ్బు అంతగా తయారై బయటికి రాదు. చెట్ల కింద బెంచీల మీద ముసలివాళ్ళు, లోపలి రోడ్ల మీద సైకిళ్ళు తొక్కే పిల్లలు, సాయంత్రం నడకకు వచ్చేవాళ్ళు, కూరగాయల బండి దగ్గర బేరాలు. ఫ్లాటు వేసుదానికంటే చిన్నది. గ్యాలరీలో నిలబడితే వేపచెట్టు కొమ్మ చేతికందేలా ఉంది.

మెట్లు దిగుతుంటే కింది అంతస్తులో తలుపు తీసి ఒకావిడ బయటికొచ్చింది. వాళ్ళాయన హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరట. మా మాటలు విని ఆగిపోయింది.

"మీరు తెలుగువాళ్ళాండీ? నేను ఇందాకట్నించీ వింటున్నా, తెలుగులాగే ఉంది, కాదేమో అనుకున్నా" అంది.

"మాది గూడ తెలుగేనమ్మా. జర తీరు వేరే" అంది అక్క. ఆవిడ సిగ్గుపడి, నవ్వి, మమ్మల్ని లోపలికి పిలిచి టీ ఇచ్చింది. వాళ్ళది గుంటూరు. టీ తాగుతున్నంతసేపూ అక్క నా వైపు చూసి కళ్ళతోనే చెబుతోంది: నీకు తోడు దొరికింది. అదీ నాకు అప్పుడు అర్థం కాలేదు. అక్క ఉండగా వేరే తోడెందుకు?

మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ మా ఆయన నాతో ఒక మాట అన్నాడు. వేసులో అదే అంతస్తులో ఎదురుగా ఇంకో ఫ్లాటు ఖాళీగా ఉందట. దలాలు ఫోన్ చేశాడట.

"నీకు అన్నావాళ్ళ పక్కనే ఉండాలనుంటే చెప్పు. నేను బండి మీద అడాజన్ పోయొస్త. నాకేం కష్టం లేదు. నీ ఇష్టం" అన్నాడు.

పెళ్ళైన ఇన్నేళ్ళలో నీ ఇష్టం అన్న మాట ఆయన నోట చాలాసార్లు విన్నాను. నిజంగా నా చేతిలో పెట్టింది మాత్రం అప్పుడే. నాకు ఆలోచించే పనే లేకపోయింది. రెండు తలుపులు ఎదురెదురుగా. మధ్యాహ్నం ఇటు తలుపు తీస్తే అటు తలుపు. మటన్ మానేస్తే పోయేదేముంది? అక్క బట్టలు ఆరేసి దిగి వచ్చేలోపే చెప్పాలని మేడెక్కాను.

మా మేడ మీద నుంచి చూస్తే చుట్టూ అన్నీ రేకుల కప్పులే. కింద ఎక్కడో మిషన్లు ఆడుతున్న చప్పుడు కాళ్ళలోకి తెలుస్తుంది. అక్క దుప్పటి పిండుతోంది. నేను రెండో కొస పట్టుకుని మెలిపెడుతూ చెప్పాను. ఎదురుగా ఫ్లాటు ఉందని, ఆయన ఒప్పుకున్నాడని, ఇక మనకు ఏ బాధా లేదని. నేను చెప్పడం అయిపోయాక కూడా ఆమె దుప్పటి మెలిపెడుతూనే ఉంది. నీళ్ళు కారడం ఎప్పుడో ఆగిపోయింది.

"వద్దే" అంది.

నాకు వినబడలేదనుకుని మళ్ళీ అంది. "వద్దు చెల్లె. నువ్వు పాల్‌ల తీసుకో."

"ఎందుకక్కా? నేనేమన్న తప్పు జేసిన్నా?"

"తప్పేంది! తప్పు జేస్తే బాగుండు. నువ్వు నాతోని ఒక్కసారన్న కొట్లాడితే, నలుగురికి చెప్పుకుని పోదును." దుప్పటి తీగ మీద వేసి అంచులు సర్దింది. నా వైపు చూడకుండానే మాట్లాడింది. "పెండ్లి చేసుకుని వచ్చిన్నాడు నాకు పంతొమ్మిదేండ్లు. వంటిల్లు అత్తది. అత్త పోయిందాక ఆమె చెప్పినట్టు వండిన. తర్వాత నువ్వొచ్చినవ్. నువ్వు మంచిదానివి. గందుకే నీకేం గావాల్నో అది ముందుగాల చూసుకున్న. నాకేం గావాల్నో నాకే తెల్వకుండ పోయింది. నా ఇంట్ల నేనొక్కదాన్నే నిలవడితె ఎట్లుంటదో ఒక్కపారి చూడాల్ననిపిస్తున్నది. గంతే. ఎదురుగ నువ్వుంటే నేను తలుపు మూసుకోలేను. మూసుకుంటే నీకు బాధ, తెరిస్తే మళ్ల గిదే."

ఆమె మాటలో కోపం లేదు. ఉంటే నేనూ కోపం తెచ్చుకునేదాన్ని. ఆమె ఇంకొక దుప్పటి తీసి ఒక కొస నా చేతికిచ్చింది. అది కూడా ఇద్దరం కలిసే పిండాం.

"సరే అక్కా" అన్నాను చివరికి.

మా ఆయనతో పాల్ గాలి బాగుందని చెప్పాను. ఆయన తల ఊపాడు, నాకు తెలుసులే అన్నట్టు. ఆ తలూపుడులో మా సందులో వాళ్ళందరి మాటా ఉంది. యారాండ్లకు పడలేదట, అందుకే ఒకరు నదికి ఇటు, ఒకరు అటు. ఆ మాట నా చెవిన పడినప్పుడల్లా, కాదని చెప్పాలనిపించేది. చెబితే అక్క మాట బయటపెట్టాలి. అది నేను ఎవరికీ చెప్పలేదు.

సామాను పంచుకున్న రోజు మాత్రం ఇద్దరం బాగా నవ్వుకున్నాం. ఏ గిన్నె ఎవరిదో ఎవరికీ తెలియదు. నాకు పెట్టిన సారెలో వచ్చిందని నేననుకున్న ఇత్తడి బిందె మీద చూస్తే అక్క వాళ్ళ నాన్న పేరుంది. "ఇన్నేండ్ల సంది దొంగసొమ్ము వాడుకున్నవ్ పిల్లా" అంది. మూతలన్నీ ఒక చోట, గిన్నెలన్నీ ఒక చోట పెడితే ఒక్కదానికీ ఒక్కటి సరిపోలేదు. మటన్ వండే పెద్ద గంజు మోసుకొచ్చి నా మూటలో తానే పెట్టింది. లారీ కదిలాక ఖాళీ వంటింట్లోకి వెళ్ళాను. అంత చిన్న చోటులో ఇద్దరం ఎలా పట్టామో అని మొదటిసారి ఆశ్చర్యపోయాను.

పాల్‌లో మొదటి నెలంతా అన్నం మిగిలిపోయేది. చేతికి అలవాటైన కొలత తగ్గించలేకపోయాను. మా అమ్మాయి విసుక్కుంది, "మమ్మీ, హమ్ తీన్ హీ లోగ్ హై" అంటూ, మనం ఉన్నదే ముగ్గురమని. ఇల్లు బాగుంది. అది అబద్ధం కాదు. పొద్దున లేస్తే పిట్టల అరుపులు, గ్యాలరీలో ఎండ, కింద గుంటూరావిడ పలకరింపు. ఆవిడ నాకు గోంగూర తెచ్చి ఇచ్చేది, నేను సర్వపిండి చేసి ఇచ్చేదాన్ని. కానీ ఆవిడతో మాట్లాడుతున్నప్పుడు ప్రతిదీ మొదటి నుంచి చెప్పాలి. మా మామ ఎవరు, జగిత్యాల ఎక్కడ, మా బావకు ఆదివారం మటన్ అలవాటెందుకు. అక్కతో సగం మాట చాలేది.

సాయంత్రాలు నది ఒడ్డుకి నడిచి వెళ్ళేదాన్ని. అవతలి ఒడ్డున ఎత్తైన బిల్డింగులు కనిపిస్తాయి. అవి వేసువి కావని, వేసు ఇంకా లోపలికి ఉందని నాకు తెలుసు. అయినా అటే చూసేదాన్ని. వంతెన దాటితే కారులో ఎంతో దూరం కాదు. ఊళ్ళలో అయితే ఆ దూరంలో ఇల్లుంటే పక్కిల్లే అంటారు. కానీ దానికి బట్టలు మార్చుకోవాలి, ఫోన్ చేసి ఉన్నావా అని అడగాలి, ఏదైనా చేతిలో పట్టుకెళ్ళాలి. అంతకుముందు అక్క దగ్గరికి వెళ్ళాలంటే నేను చెయ్యాల్సింది పక్కకు తిరగడమొక్కటే.

ఆదివారాలు మొదట్లో అందరూ వచ్చేవాళ్ళు. గంజు పొయ్యెక్కేది, బావ తృప్తిగా తినేవాడు. తర్వాత పిల్లల పరీక్షలు, ట్యూషన్లు, మార్కెట్లో సీజను. ఒక వారం తప్పి ఒక వారం, తర్వాత నెలకొకసారి. ఎవరూ కావాలని మానలేదు.

నేను వేసుకి వెళ్ళిన ఒక మధ్యాహ్నం గుర్తుంది. అక్క నన్ను ముందు కూర్చోబెట్టలేదు, వంటిల్లు చూపించింది. డబ్బాలన్నీ తన చేతి ఎత్తుకు సరిపోయేలా కింది అరల్లో సర్దుకుంది. అప్పుడు తెలిసింది నాకు, మా పాత ఇంట్లో అరలన్నీ నా ఎత్తుకు ఉండేవని. అక్క నాకంటే పొట్టి. కిటికీ దగ్గర ఒక కుర్చీ వేసుకుంది. "గిక్కడ కూసోని చాయ్ తాగుత. ఎవ్వలు పిలువరు" అంది. ఆ చెప్పడంలో చిన్నపిల్ల సంబరం ఉంది.

భోజనం పెట్టింది. పప్పులో చింతపండు పులుపు, కొంచెం బెల్లం, కారం పేరుకు మాత్రం. అక్క చేతి వంట ఇన్నేళ్ళు తిన్నాను, ఆ రుచి నాకు తెలియదు.

"కారం మర్చిపోయినవా అక్కా?"

"లేదే. నేను గిట్లనే తింట. మా అమ్మ గిట్లనే చేస్తుండె." నా కంచంలోకి చూసి లేచింది. "ఆగు, నీకు మిరపకాయ తొక్కు ఉన్నది."

మా ఇంటి కారమంతా నా నోటికి తగినదేనా? ఒక్కరోజన్నా ఆమె అనలేదే. తొక్కు వద్దన్నాను. ఆ పప్పు అలాగే తిన్నాను, ఇంకా అడిగి వేయించుకుని తిన్నాను. బాగుంది. వచ్చేటప్పుడు దారంతా నాకు ఏడుపొచ్చింది. ఆమె సంతోషంగా ఉంది. అది నా కళ్ళతో చూశాను, నాకూ సంతోషంగానే ఉంది. అయినా ఏడుపొచ్చింది.

మొన్న వానలు మొదలవ్వకముందు ఒక మధ్యాహ్నం బెల్లు మోగింది. తలుపు తీస్తే అక్క. ఫోన్ చేయలేదు, కారులో రాలేదు. సిటీ బస్సెక్కి వచ్చిందట. చేతిలో ఏమీ లేదు. లోపలికొచ్చి, మంచినీళ్ళు తాగి, సోఫా ఉండగా గ్యాలరీ దగ్గర చల్లటి బండల మీద చాప వేయమంది.

"ఆడ పగటిపూట నిద్ర పడుతలేదు. మస్తు సప్పుడు లేకుంట ఉన్నది. జరసేపు పంట. చాయ్ టైముకి లేపు" అంది.

పడుకున్న కాసేపటికే నిద్రపోయింది. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. ఆమె జుట్టులో తెల్లదనం ఎక్కువైంది. చాయ్ వేళ అయింది, దాటింది. నేను లేపలేదు. ఎండ వేపకొమ్మ దాటి వెళ్ళిపోయాక తనంతట తానే కళ్ళు తెరిచి, ఒక్క క్షణం ఎక్కడుందో తెలియనట్టు చూసింది.

"లేపుమంటే లేపవైతివి" అంది గానీ కోపంగా అనలేదు.

"ఇయ్యాల్టికి ఉండరాదక్కా."

"ఉంట గానీ... పొద్దుగాల నా మొక్కలకు ఎవలు నీళ్ళు పోస్తరు?" అంది. కిటికీలో మొక్కలు పెట్టుకుందని నాకు అప్పుడే తెలిసింది. నేను ఇంకోసారి అడగలేదు. అడిగితే ఉండిపోయేదేమో. నా కోసం ఉండిపోవడం ఆమెకు చాలా అలవాటు.

బస్‌స్టాపు దాకా దించడానికి వెళ్ళాను. నడుస్తున్నంతసేపూ నా భుజం పట్టుకుని నడిచింది. బస్సు వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని, ఇంటికి పొమ్మని చేత్తో సైగ చేసింది. బస్సు మలుపు తిరిగి వంతెన వైపు వెళ్ళింది. నేను అక్కడే నిలబడిపోయాను. వెనకే ఇంకో బస్సు వచ్చి నా ముందు ఆగింది. కండక్టరు తల బయటికి పెట్టి, "వేసు ఆవవూఁ ఛే, బేన్?" అని, వేసు వస్తావా అని అడిగాడు.

లేదన్నట్టు తల ఊపాను. బస్సు కదలమని గంట కొట్టేదాకా ఆయన నా వైపే చూశాడు, ఎక్కుతానేమోనని.